నగరం మీదికొస్తున్న అడవికి వర్కింగ్ ప్లాన్ తిరగరాయడం ఎలా

అడవిని పదేళ్లపాటు ఎలా చూసుకోవాలో రాసేది వర్కింగ్ ప్లాన్. దాన్ని తిరగరాయమని ఆర్డర్ రాగానే మన అటవీ ఆఫీసుల్లో మొదట వినపడే మాట: "పాత ప్లాన్ సాఫ్ట్ కాపీ ఎవరి దగ్గరుంది?" ఆ ఫైలు తెరుస్తారు, సంవత్సరాలు మారుస్తారు, వర్షపాతం పట్టిక కింద కొత్త అంకెలు అతికిస్తారు, నాలుగు ఫోటోలు పెడతారు, పంపేస్తారు. ఆదిలాబాద్ టేకు అడవికి ఇలా చేస్తే కొంత నష్టం. హైదరాబాద్ చుట్టూ ఉన్న బ్లాకులకు చేస్తే ప్లాన్ రాసినా రాయనట్టే. పదేళ్లలో అక్కడి చెట్టు బెత్తెడు లావెక్కేలోపు దాని పక్కన వెంచర్ వేస్తారు, రోడ్డు పడుతుంది, టవర్లు లేస్తాయి, మురుగు కాలువ దారి మారుతుంది. పాత ప్లాన్‌లో ఇవేవీ ఉండవు. వంటచెరకు కూపుల (వంతులవారీగా నరికే చోట్ల) గురించి మాత్రం పేజీలకు పేజీలు ఉంటాయి.

నేను అటవీ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ట్రేసింగ్ క్లాత్ మీద ఇండియన్ ఇంకుతో హద్దులు గీయడంతో మొదలై, కంప్యూటర్లో పాలిగాన్లు గీయడంతో రిటైరయ్యాను. ప్లాన్ రాసే ఆఫీసర్లు మారేవారు, మ్యాపుల బల్ల దగ్గర నేనే ఉండేదాన్ని. రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి వైపు బీట్లలో కొత్తగా చేరిన పిల్లలు ఎలా మొదలుపెట్టాలని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ పుస్తకమో తేల్చుకోండి. రిజర్వ్ ఫారెస్టు బ్లాకులకు వర్కింగ్ ప్లాన్. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి లాంటి జాతీయ పార్కులకు 1972 వన్యప్రాణి చట్టం కింద మేనేజ్‌మెంట్ ప్లాన్ విడిగా ఉంటుంది. రెండూ కలిపేయకండి. మీ బ్లాకు జాతీయ పార్కును ఆనుకుని ఉంటే మాత్రం ఆ పార్కు చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ నోటిఫికేషన్ తెచ్చుకుని, అది మీ హద్దును ఎక్కడ తాకుతుందో మ్యాపు మీద గీయండి. వర్కింగ్ ప్లాన్ మామూలుగా పదేళ్లకు రాస్తాం. 2014 నాటి జాతీయ వర్కింగ్ ప్లాన్ కోడ్ స్థానంలో 2023లో కొత్తది వచ్చింది, అధ్యాయాల వరస దాని ప్రకారమే ఉండాలి. ముందు ప్రాథమిక నివేదిక, తర్వాత ఫీల్డు పని, సంప్రదింపులు, డ్రాఫ్టు, చివరికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయం ఆమోదం. పాత ప్లాన్ గడువు తీరడానికి కనీసం రెండేళ్ల ముందు కదలకపోతే మధ్యలో ఖాళీ వస్తుంది. నగరం పక్కన ఆ ఖాళీ కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు.

హద్దు: సగం ప్లాన్ ఇదే

చెట్ల లెక్కతో మొదలుపెట్టొద్దు. హద్దుతో మొదలుపెట్టండి. నగరం అంచున ప్లాన్ నిలబడేదీ కూలేదీ హద్దు దగ్గరే.

మొదట నోటిఫికేషన్లు పోగేయండి. 1967 అటవీ చట్టంలో 4వ సెక్షన్ నోటిఫికేషన్ అంటే రిజర్వు చేసే ఉద్దేశం ఉందని ప్రకటించడం. 15వ సెక్షన్ అంటే హక్కుల విచారణ ముగిసి ఖరారైనట్టు. పాత ప్లాన్లలో రెండూ కలిపి "రిజర్వ్ ఫారెస్ట్ విస్తీర్ణం" అని ఒకే అంకె వేసి ఉంటే ఆ అంకెను నమ్మకండి. రెండు కాలమ్‌లు చేయండి. 4వ సెక్షన్ దగ్గరే ఆగిపోయిన బ్లాకులను విడిగా జాబితా వేసి, ఫైలు ఏ ఏడాది ఎక్కడ ఆగిందో ఒక్కో వాక్యంలో రాయండి. కోర్టులో మీ ప్లాన్‌ను ఎదుటి వకీలు తెరిచి చూసే పేజీ అదే.

1967కు ముందువాటిలో నిజాం కాలంలో 1355 ఫసలీ చట్టం కింద వచ్చినవి నిజాం జరీదాలో, అంటే ప్రభుత్వ గెజెట్‌లో, ఉర్దూలో ఉంటాయి. ఫసలీ అంటే అప్పటి సంవత్సర లెక్క. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, 1355 అంటే 1945. ఉర్దూ దస్తావేజులు చదివిపెట్టేవాళ్లు పాతబస్తీలో ఇప్పటికీ దొరుకుతారు. ఎవరో ఎప్పుడో చేసిన తెలుగు సారాంశం మీద ఆధారపడకుండా మూలం చదివించుకోండి. రెవెన్యూ వైపు సేత్వార్ (మొదటి భూసర్వే రిజిస్టర్), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు), టీపన్ (సర్వే నంబరు కొలతల చిత్తు పటం), గ్రామ నక్ష (ఊరి మ్యాపు), ఈ నాలుగూ సర్టిఫైడ్ కాపీలే తీసుకోండి. సర్ఫేఖాస్ (నిజాం సొంత), జాగీర్, పైగా (ప్రభు కుటుంబాల) భూముల పక్కన ఉన్న బ్లాకులకు ఇవి లేకుండా అడుగు వేయలేరు.

నోటిఫికేషన్ కింద ఉండే షెడ్యూల్‌లో హద్దు ఇలా ఉంటుంది: ఫలానా రాళ్ల కుప్ప నుంచి ఇన్ని గొలుసులు ఈశాన్యంగా, చింతచెట్టు దాకా, అక్కడి నుంచి వాగు వెంబడి. ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి, ఏ గొలుసు? 66 అడుగుల గంటర్ గొలుసా, 33 అడుగుల గుంట గొలుసా? 33 అడుగుల చదరం అంటే 121 చదరపు గజాలు, ఒక గుంట. 66 అడుగుల గొలుసుతో కొలిచిన గీతను 33 అనుకుంటే మీ హద్దు సగానికి కుంచించుకుపోతుంది. ఒకే బ్లాకుకు అటవీ షెడ్యూల్ ఒక గొలుసులో, టీపన్ ఇంకో గొలుసులో ఉండొచ్చు. షెడ్యూల్ ప్రకారం బొమ్మ గీసి, దాని విస్తీర్ణాన్ని నోటిఫికేషన్‌లో రాసిన విస్తీర్ణంతో పోల్చి చూస్తే ఏ గొలుసో తేలిపోతుంది.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ చెప్పరు. పాత టోపోషీట్లు (సర్వే మ్యాపులు) ఎవరెస్ట్ గోళం లెక్కమీద గీసినవి. మీ చేతిలోని జీపీఎస్ పనిచేసేది డబ్ల్యూజీఎస్ 84 మీద. భూమి ఆకారానికి వేసుకునే ఇలాంటి లెక్కనే డేటమ్ అంటారు. పాత షీటును స్కాన్ చేసి, డేటమ్ మార్చకుండా నేరుగా గూగుల్ చిత్రం మీద పరిస్తే హద్దు మన ప్రాంతంలో వంద మీటర్లు దాటి పక్కకు జరుగుతుంది. అడవిలో కూర్చుని చూస్తే వంద మీటర్లంటే ఏముందిలే అనిపిస్తుంది. నగరం అంచున వంద మీటర్లంటే ఒక అపార్ట్‌మెంట్ బ్లాకు, దాని పార్కింగు, దాని ముందు రోడ్డు. తప్పు గీతతో నోటీసు ఇస్తే అవతలివాళ్లు ఒక్క వాయిదాలో కొట్టేయిస్తారు, ఆ తర్వాత సరైన గీత చూపినా ఎవరూ నమ్మరు. కాబట్టి డీజీపీఎస్‌తో (మామూలు జీపీఎస్ కన్నా కచ్చితంగా కొలిచే పరికరంతో) కొలవండి, ప్రతి మ్యాపు మూలన డేటమ్ పేరు రాయండి.

కొలత రెవెన్యూ సర్వేయర్‌తో కలిసి చేయండి. పంచనామా మీద ఇద్దరు సర్వేయర్ల సంతకాలు ఒకే కాగితం మీద ఉండాలి. "మీరు వెళ్లి కొలుచుకోండి, మేం తర్వాత చూసి సంతకం పెడతాం" అన్నమాట నేను చాలాసార్లు విన్నాను. ఆ తర్వాత అనేది రాదు. వాళ్లకు బండి కావాలంటే బండి పెట్టండి, భోజనం పెట్టండి, మళ్లీ మళ్లీ వాయిదా వేయండి, కానీ సంతకం లేని గీతను ప్లాన్‌లోకి ఎక్కించకండి. తేలని చోటును తేలలేదనే రాసి, చుక్కల గీతతో చూపండి. తేలని చోట నిండు గీత గీయమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. మ్యాపు మీద పేరు రాసేది మీరు, గుర్తుంచుకోండి.

నడక

హద్దంతా నడవాలి, రెండు కాలాల్లో. ఏప్రిల్‌లో ఒకసారి: ఆకు రాలి ఉంటుంది, రాళ్లు కనపడతాయి. ఆగస్టులో వాన పడ్డ మర్నాడు ఇంకోసారి: నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో అప్పుడే తెలుస్తుంది. ప్రతి పిల్లర్ దగ్గర నాలుగు దిక్కులా ఫోటో, పిల్లర్ నంబరు ఫోటోలో కనపడేలా.

నోటుబుక్కులో ఏం రాయాలి? గోడకు అవతల ఏముందో రాయండి. పాత ప్లాన్లు గోడకు ఇవతలి సంగతే రాస్తాయి. సీ-త్రూ గోడ (అవతలికి కనపడేలా కట్టిన గోడ) కింద నుంచి నాలుగు అంగుళాల పీవీసీ గొట్టం బయటికి వచ్చి ఉంటుంది, దాని కింద నేల నల్లగా, సబ్బు నురగతో తడిగా ఉంటుంది, ఆ తడిలో చామాకు, ఆముదం మొక్కలు మొలిచి ఉంటాయి. ఎండాకాలంలో అడవి మధ్య పచ్చగా కనపడే పట్టీ ఏదైనా ఉంటే అది మురుగే. ఆ పట్టీ వెంట నడిస్తే కుంట వస్తుంది, కుంట నిండా గుర్రపుడెక్క. ఈ గొట్టం ఎవరిదో, ఏ వీధిదో, ఏ తేదీన చూశారో రాసుకోండి. అలాగే గోడకు తవ్విన కంతలు, ఇల్లు కూల్చిన చెత్త పోసిన చోట్లు, కొత్తగా వెలసిన గుడి లేదా జెండా దిమ్మె, పాత శ్మశానం, ఉదయం నడకవాళ్లు లోపలికి దూరే దారులు, వీధికుక్కల గుంపులు. కుక్కల సంగతి చిన్నదనుకోకండి. జింకలు, నెమళ్లు ఉన్న బ్లాకులో వేటగాడికన్నా కుక్కలే ఎక్కువ చేటు.

పడమటి బ్లాకులవాళ్లు నీటి దారిని ఇంకా జాగ్రత్తగా చూడాలి. చిలుకూరు వైపు వాగులు ఉస్మాన్‌సాగర్‌కు, హిమాయత్‌సాగర్‌కు పారతాయి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన చెరువులవి. 1996 నాటి జీవో 111 వాటి పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేసింది, 2022లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది. బయట పట్టాభూమిలో ఏం కడతారన్నది ప్లాన్ పరిధిలోది కాదు. కానీ ఆ పరీవాహకంలో ఇక నమ్మకంగా వాన నీరు పట్టేది మీ అడవి నేలే. రాతి కట్టలు, ఊట కుంటలు, కందకాల అధ్యాయానికి పాత ప్లాన్‌లో అరపేజీ ఉంటే దాన్ని ఐదు పేజీలు చేయండి. కందకం తవ్వించేటప్పుడు వాగుకు అడ్డంగా పోనివ్వకండి. హద్దు కందకాన్ని వాగు మీదుగా గీసేసి, కింది కుంటను ఎండబెట్టిన చోట్లు ఉన్నాయి.

చెట్ల లెక్క సంగతి క్లుప్తంగా చెబుతాను, కోడ్‌లో వివరంగా ఉంది. పదో వంతు హెక్టారు ప్లాటు, అంటే భుజం 31.62 మీటర్లు, చెట్టు చుట్టుకొలత తీసేది నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున. మన రాళ్ల నేలలో సీతాఫలం, మోదుగు, తునికి, రేల, బిల్లుడు లాంటివి పొదల్లా ఉంటాయి, లావుల పట్టికలో పడవు. అందుకే పొదలకు విడిగా చిన్న ప్లాటు వేసి మొలకలు లెక్కపెట్టండి. లేదంటే మంచి పొద అడవిని మీ పట్టిక "క్షీణించిన అడవి" అంటుంది, దాని మీద రేపు ఎవరో డోజర్ పెట్టి వరసగా మొక్కలు నాటతారు. లాంటానా, సర్కారు తుమ్మ ఎక్కడెంత ఉన్నాయో మాత్రం తప్పకుండా మ్యాపు చేయండి.

నిప్పుకు శాటిలైట్ అలర్టులు వస్తాయి. విర్స్ అనే శాటిలైట్ పరికరం ఇచ్చే అలర్టులో ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం. హద్దుకు ఆ దూరంలో కాలనీ చెత్త కాలిస్తే కూడా అలర్టు మీ కంపార్ట్‌మెంట్ (బ్లాకులో ఒక భాగం) మీద పడుతుంది. పదేళ్ల అలర్టులను అలాగే గ్రాఫు వేసి "అగ్నిప్రమాదాలు పెరిగాయి" అని రాయొద్దు. బీటువాళ్ల రిజిస్టర్‌తో పోల్చి, లోపల కాలినవి ఏవో, బయటవి ఏవో వేరుచేయండి.

మాట్లాడాల్సినవాళ్లు

సంప్రదింపుల సమావేశం కోడ్ ప్రకారం తప్పనిసరి. దాన్ని ఏ హాల్లోనో ఉదయం పదకొండుకు పెడితే ఇతర శాఖలవాళ్లు, ఇద్దరు ముగ్గురు పర్యావరణ కార్యకర్తలు వస్తారు. మంచిదే, కానీ చాలదు. అడవిని రోజూ వాడుకునేవాళ్లు హాలుకు రారు. నడకవాళ్లు ఉదయం ఆరింటికి గేటు దగ్గర దొరుకుతారు. సీతాఫలాలు కోసే ఆడవాళ్లు దసరా ముందూ వెనకా బస్టాపులో బుట్టలతో కనపడతారు. గొల్లకురుమలు పొద్దుగూకే వేళ. ఓ పెద్దాయన ఒకసారి నన్ను నిలదీశాడు: "గోడ కట్టిన్రు, మంచిగనే ఉంది బిడ్డా. గొర్లకు తొవ్వ యాడ పెట్టిన్రు?" ఆయన గొర్లు తరతరాలుగా ఆ అడవి అంచు దారిన చెరువుకు పోయేవి. గోడ వచ్చాక సర్వీసు రోడ్డు మీద లారీల మధ్య నడుస్తున్నాయి. మ్యాపులో ఆ బాట లేదు. పాత టోపోషీటు తీసి చూస్తే చుక్కల గీతగా ఉంది. మేత హక్కు ఇవ్వడం ఇవ్వకపోవడం చట్టం తేల్చే సంగతి. నీళ్ల దారి ఎక్కడుందో ప్లాన్‌లో గుర్తించడం మాత్రం మన పని.

అడిగేటప్పుడు "అడవిని ఎలా కాపాడాలి?" అని అడగకండి. అందరూ ఒకే జవాబు చెబుతారు. "ఈ గేటు రాత్రి ఎన్నింటికి మూయాలి?", "ఈ దారిన సైకిళ్లు రావచ్చా?" అని అడగండి. అప్పుడు కాలనీ సంఘంవాళ్లు లైట్లు కావాలంటారు, పక్షులు చూసేవాళ్లు వద్దంటారు, గొడవ పడతారు. ఆ గొడవనే రాసుకోండి. ఎవరు ఏమడిగారు, ప్లాన్‌లో ఏం ఒప్పుకున్నాం, ఏది ఎందుకు ఒప్పుకోలేదు అని మూడు కాలమ్‌ల అనుబంధం చేర్చండి.

క్రియాపదాల దగ్గర జాగ్రత్త

ఇప్పటి ప్లాన్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది పార్కుల అధ్యాయం, అంటే రిజర్వ్ ఫారెస్టులో సందర్శకుల కోసం పెట్టే పార్కుల సంగతి. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, వర్కింగ్ ప్లాన్‌లో ఉన్న ఎకో టూరిజం సౌకర్యాలు అటవీయేతర అవసరం కిందకు రావు. తేలిక మాటల్లో చెప్పాలంటే, మీరు ప్లాన్‌లో రాసిన ఒక వాక్యం ఉంటే వాటికి కేంద్రం ముందస్తు అనుమతి అక్కర్లేదు. జూలు, సఫారీల మీద మాత్రం 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తన అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మిగతా వాటికి ఆ వాక్యమే తలుపు.

అందువల్ల "అవసరమైన చోట సందర్శకుల సౌకర్యాలు అభివృద్ధి చేయవచ్చు" అని రాయకండి. ఈ వాక్యం మీద కాలు పెట్టి రెస్టారెంటు, జిప్‌లైన్, పెళ్లి ఫోటోల సెట్టు అన్నీ లోపలికి వస్తాయి. దాని బదులు ఇలా రాయండి: "ఫలానా కంపార్ట్‌మెంట్‌లో, గేటు నుంచి 200 మీటర్ల లోపు మాత్రమే, మట్టి నడక దారి, మరుగుదొడ్లు, టికెట్ గది అనుమతిస్తారు. సిమెంటు దారులు, రాత్రి దీపాలు, లౌడ్‌స్పీకర్లు, వంట ఉండవు. మిగతా కంపార్ట్‌మెంట్లలో సందర్శకుల ప్రవేశం లేదు." ఆ 200 అన్నది ఉదాహరణే, మీ నేలను బట్టి మార్చుకోండి. అంకె మాత్రం ఉండాలి. "వీలైనంత", "తగిన", "అవసరాన్ని బట్టి" అనే మాటలను డ్రాఫ్టంతా వెతికి తీసేయండి. "చేయవచ్చు" వచ్చిన ప్రతిచోటా ఆగి, ఎవరు, ఎక్కడ, ఎంత అని అడగండి. జవాబు లేకపోతే వాక్యం కొట్టేయండి.

లైన్ల విషయంలోనూ అంతే. అడవి మీదుగా పోయే కరెంటు తీగలు, పైపులు, కేబుళ్లు అన్నిటికీ పట్టిక వేయండి: అనుమతి నంబరు, తేదీ, షరతులు, ఇచ్చిన వెడల్పు. 132 కేవీ లైనుకు 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్లు లెక్క. నేల మీద టేపు పెట్టి కొలిచి, అసలు ఎంత నరికారో పక్కనే రాయండి. తేడా ఉంటే ఆ పట్టికే మీ తరఫున మాట్లాడుతుంది.

బయటి భూములనూ వదలొద్దు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించిన కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు నోటిఫై అయిన రిజర్వ్ ఫారెస్ట్ కాదు. అలాంటి కంచలు (గడ్డి, పొదల భూములు), గైరాన్లు (మేత భూములు), చెట్లున్న సర్కారు భూములు మీ డివిజన్‌లో ఎక్కడెక్కడున్నాయో సర్వే నంబర్లతో ఒక అనుబంధం చేర్చండి. వాటి మీద మీకు అధికారం ఉండకపోవచ్చు. ఎప్పుడైనా కోర్టు అడిగితే చూపడానికి రికార్డు ఉంటుంది.

డబ్బు అధ్యాయం చిన్నదిగా, నిజంగా రాయండి. కంపా నిధులు (అటవీ భూమి ఇచ్చినందుకు పరిహారంగా వచ్చే డబ్బు), రాష్ట్ర పద్దు ఏవి ఎంత వస్తాయో పాత పదేళ్ల ఖర్చు చూస్తే తెలుస్తుంది. దానికి నాలుగింతలు పనులు రాస్తే ఏటా డీవియేషన్ స్టేట్‌మెంట్లు (ప్లాన్ నుంచి ఎక్కడ తప్పామో చెప్పే కాగితాలు) రాయడానికే సరిపోతుంది. హద్దు, నీరు, నిప్పు, ఈ మూడింటికీ మొదటి ఐదేళ్ల డబ్బు కేటాయించి, మొక్కలు నాటడం మధ్యంతర సమీక్ష తర్వాతికి నెట్టినా తప్పులేదు. ఈ మాట పైవాళ్లకు నచ్చదు. మొక్కలు నాటితే ఫోటో వస్తుంది, హద్దు రాయి పాతితే రాదు.

ప్లాన్ ఇంగ్లీషులో ఆమోదమై వచ్చాక డివిజన్ ఆఫీసు బీరువాలో కూర్చుంటుంది. బీటు ఆఫీసర్ దాన్ని చూడడు. అందుకని ఒక్కో బీటుకు నాలుగు పేజీల తెలుగు ప్రతి తీయించండి: కంపార్ట్‌మెంట్ మ్యాపు, పిల్లర్ల అక్షాంశ రేఖాంశాలు, తేలని హద్దుల చుక్కల గీతలు, అక్కడ చేయాల్సిన పనులు, చేయకూడనివి. చివరి పేజీలో ఖాళీ పట్టిక: బదిలీపై వెళ్లేవారు వచ్చేవారికి హద్దు మొత్తం నడిపించి చూపిన తేదీ, ఇద్దరి సంతకాలు. ఆ పట్టిక నింపకుండా రేంజి ఆఫీసర్ చార్జి రిపోర్టు తీసుకోకూడదని ప్లాన్‌లోనే ఒక ప్రిస్క్రిప్షన్‌గా, అంటే పాటించి తీరాల్సిన నిర్దేశంగా, రాసి, ఆమోదానికి పంపండి.